ఖాళీ జాగాకు అడ్డగీత

పోయిన నెల మదనపల్లి కోర్టులో కొత్తగా నల్లకోటు తొడిగిన పిల్లలు నలుగురు మా ఇంటికొచ్చారు. ఏదో సంచిక వేస్తున్నారట. వకీలుగా మొదలై, మేయరై, పార్లమెంటు దాకా పోయి వచ్చినవాణ్ణి కాబట్టి నా అనుభవాలు రాసివ్వాలన్నారు. సరే అన్నాను. కాఫీలు అయ్యాక వాళ్లలో ఒకమ్మాయి గ్లాసు కింద పెట్టి, కాసేపు నసిగి, "సార్, మీరు బోనెక్కినారే, ఆ కేసు ఒగటి రాయకుంటే బాగుంటాది. మా పెద్దోళ్లు చెప్పి పంపినారు" అంది.

నేను రాసేది ఆ కేసు గురించే. ఇష్టమైతే అచ్చు వేసుకోండి, లేకపోతే చింపి పారేయండి. ఏ ఎన్నికలో ఎలా గెలిచానో, ఏ మంత్రి పక్కన నిలబడి ఫోటో దిగానో రాయమంటే నా వల్ల కాదు. ఆ ఫోటోలు మా ముందుగదిలో గోడ నిండా ఉన్నాయి. మా ఆవిడ ప్రతి శుక్రవారం తుడుస్తుంది. చూడాలనుకున్నవాళ్లు వచ్చి చూసి పోవచ్చు.

కింది అంచున వేలిముద్ర

నేను పని నేర్చుకుంది పుంగనూరులో, నరసప్ప గారనే పెద్ద వకీలు దగ్గర. ఆయన మంచి మనిషి. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత చదివేది చూసి మీరు ఆయన్ను దొంగ అనుకుంటారు. పేదవాళ్ల దగ్గర ఫీజు గట్టిగా అడిగిన రోజు లేదు. మధ్యాహ్నం తన క్యారియర్‌లో అన్నం జూనియర్లకు పెట్టి తాను మజ్జిగ తాగి లేచేవాడు. క్రాస్ పరీక్ష ఎలా చేయాలో, జడ్జి ముఖం చూసి ఎక్కడ ఆపాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆయన ఆఫీసులో ఒక అలవాటు ఉండేది. ఆయన ఆఫీసులోనే కాదు, ఆ రోజుల్లో చాలామంది దగ్గర ఉండేది. దూరం నుంచి వచ్చిన కక్షిదారు వకాలతు మీద సంతకం పెట్టాక, ఇంకో అయిదు తెల్ల కాగితాలు ముందు పెట్టేవాళ్లం. కింది అంచున సంతకమో వేలిముద్రో వేయించుకుని ఫైల్లో దాచేవాళ్లం. ఏదైనా చిన్న పిటిషన్ వేయాల్సి వస్తే ఆ కాగితం తీసి పైన రాసేయడమే. ఆ మనిషి మళ్లీ పని మానుకుని, బస్సులెక్కి రావాల్సిన పని లేదు. ఇది వాళ్ల మేలు కోసమే అని మేమందరం నమ్మేవాళ్లం.

రెడ్డెమ్మ అలా దూరం నుంచి వచ్చిన మనిషే. పుట్టిల్లు సదుం దగ్గర. మెట్టినిల్లు రామకుప్పం అవతల. వాయిదాకు రావాలంటే కుప్పం వచ్చి, అక్కడినుంచి పలమనేరు, పలమనేరు నుంచి పుంగనూరు, ఇన్ని బస్సులు మారాలి. వాళ్ల నాయన చివరి రోజుల్లో ఆమే వచ్చి చూసుకుందట. ఆయన పోతూ పోతూ వీలునామా రాశాడు. సదుం దగ్గరున్న నాలుగెకరాల్లో రెండెకరాలు కూతురికి, చేలో ఉన్న బావి నీళ్లలో వారానికి మూడు రోజుల వంతు కూతురికి. అన్న ఆ వీలునామా దొంగదన్నాడు. ఆమె కోర్టుకొచ్చింది. మేము ఆమె తరఫున.

ఆ అయిదు కాగితాల మీద వేలిముద్రలు వేయించింది నేనే. స్టాంపు ప్యాడు మీద ఆమె బొటనవేలు నేనే అద్దాను.

"ఈటిలో ఏమీ రాయలేదే అప్పా?" అని అడిగింది.

"కోర్టు పనికమ్మా. చీటికీ మాటికీ నువ్వు రాబళ్లేదు గదా."

"అట్లయితే సరే. నువ్వు సదువుకున్నోడివి" అని, వేలికున్న సిరా తలకు తుడుచుకుని పోయింది.

ఏడాది తిరిగాక ఒక వాయిదా రోజున నరసప్ప గారూ, అవతలి వకీలూ కోర్టు వరండాలో నిలబడి మాట్లాడుకున్నారు. రాజీ కుదిరిందన్నారు. రెండెకరాలు ఆమెకు వదిలేస్తాడు అన్న. బావి మాత్రం పూర్తిగా తనది. నరసప్ప గారు నన్ను పిలిచి రాజీ కాగితం రాయమన్నారు.

"ఆమెనొక మాట అడగద్దా సార్?" అన్నాను.

"అడిగితే మళ్లా వాయిదా. ఆమె రామకుప్పం నుంచి వచ్చే లోపల వాడు మనసు మార్చుకుంటాడు. భూమి వస్తాండాది గదా. నీళ్లదేముండాది, ఇంగో బాయి తవ్వుకుంటాది. రాయి, రాయి."

ఫైల్లోంచి కాగితం తీశాను. చెప్పాల్సిన సంగతి సగం పేజీకి సరిపోతుంది. వేలిముద్రేమో అట్టడుగున ఉంది. మధ్యలో అంత ఖాళీ ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకని కిందికి పోయే కొద్దీ అక్షరాలు పెద్దవి చేసి, వరసల మధ్య ఎడం పెంచి, సాగదీసి సాగదీసి వేలిముద్ర దాకా తెచ్చాను. రాసింది చూసి నరసప్ప గారు, "చెయ్యి తిరిగింది నీకు" అని మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ సాయంత్రం ఇంటికి పోయి మా అమ్మకు కూడా చెప్పుకున్నాను.

వకీళ్ల మాట మీద రాజీ నమోదైంది.

టమోటా నారు నాటుదామని రెడ్డెమ్మ సదుం పోతే, అన్న మోటారు తీగ పీకేసి కోర్టు కాగితం చూపించాడు. ఆమె అటునుంచి అటే మా ఆఫీసుకొచ్చింది. నరసప్ప గారు కుర్చీలో ఉన్నారు, నేను పక్కన బల్ల దగ్గర ఉన్నాను. ఆమె ఆయన్ను అడగలేదు. నన్ను అడిగింది.

"నేను వేలు పెట్టినప్పుడు ఆ కాగితంలో ఏముండె అప్పా?"

నరసప్ప గారే అందుకున్నారు. "అంతా రాసి, సదివి ఇనిపించినాకనే గదమ్మా పెట్టినావు. మర్సిపోయినావేమో."

ఆమె ఇంకా నా వైపే చూస్తోంది. నేను ఫైలు తాడు విప్పి మళ్లీ కట్టాను.

ఆమె ఇంకో వకీలును పెట్టుకుని, ఆ రాజీ తనది కాదు, కొట్టేయమని పిటిషన్ వేసింది. ఆ పిటిషన్ మీద వేలిముద్ర వేసేటప్పుడు కోర్టు వరండాలో నేనూ ఉన్నాను. కాగితం నిండా టైపు కొట్టాక కింద నాలుగు వేళ్ల ఖాళీ మిగిలింది. వకీలు చెప్పిన చోట ఆమె ఒక ముద్ర వేసింది. వేసి ఆగలేదు. దాని పక్కన ఇంకొకటి, దాని పైన ఇంకొకటి, వేలు మళ్లీ మళ్లీ అద్దుకుంటూ ఆ ఖాళీ అంతా ముద్రలతో నింపేసింది. టైపిస్టు లబోదిబోమన్నాడు. వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

"నగండప్పా. ఇంగ దీంట్లో ఎవురూ ఏమీ రాయలేరు" అందామె.

విచారణలో నరసప్ప గారు లేచి, అంతా రాసి చదివి వినిపించాకే ఆమె ముద్ర వేసిందని చెప్పారు. ఆయన వెనక నేను కట్టలు పట్టుకుని నిలబడ్డాను. నన్నెవరూ అడగలేదు. నేనూ నోరు మెదపలేదు. ఆమె మాటకు సాక్ష్యం లేదని పిటిషన్ పోయింది. బయటికొచ్చేటప్పుడు నా ముందు ఆగింది.

"లాయరుకు నోరే గదప్పా ఆస్తి. నీది యాడ పెట్టేసి వచ్చినావు?"

ఆమె పై కోర్టుకు పోయింది. అక్కడ కేసు ఏళ్ల తరబడి మూలన పడింది.

కుర్రవాళ్లారా, ఇక్కడ నా తీర్పు కూడా చెప్పేస్తాను. మేము ఎవరి దగ్గరా లంచం తీసుకోలేదు. తీసుకుని ఉంటే ఈ కథ చాలా తేలిక. తప్పుడు పని చేశామని మాకే తెలిసేది, ఎక్కడో ఒక చోట వెనక్కి తగ్గేవాళ్లం. ఆమెకు మంచే చేశామనుకున్నాం కాబట్టి ఏ రాత్రీ మాకు నిద్ర చెడలేదు. ఆమె తరఫున ఆమె కన్నా మాకే బాగా తెలుసు అనుకోవడం ఈ వృత్తిలో చాలా పాత జబ్బు. మీకూ అంటుకుంటుంది, జాగ్రత్త.

నేను పెట్టిన సంతకం

నరసప్ప గారు పోయాక నేను ప్రాక్టీసు ఒక పెద్ద ఊరికి మార్చుకున్నాను. అక్కడే రాజకీయాల్లోకి దిగి మేయర్‌నయ్యాను. ఆ ఊరి పేరు రాయను. తెలిసినవాళ్లకు తెలుసు, తెలియనివాళ్లకు అవసరం లేదు.

మేయరంటే కారు, దండలు, శంకుస్థాపనలు అనుకుంటారు. నిజానికి మురికి కాలువలు, వీధి కుక్కలు, నీళ్ల ట్యాంకర్లు. పొద్దున్నే గేటు దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లకు జవాబు చెప్పలేనివాడు ఆ కుర్చీలో ఎక్కువ కాలం కూర్చోలేడు. ఆ పని నాకు నచ్చింది. కోర్టులో పదేళ్లకు తేలని సంగతి అక్కడ ఒక పూటలో తేలిపోతుంది.

కౌన్సిల్ సమావేశం అయ్యాక తీర్మానాల పుస్తకం సంతకానికి తెచ్చేవాళ్లు. మొదటిసారి తెచ్చినప్పుడు చివరి తీర్మానం కింద సగం పేజీ ఖాళీ వదిలి, అడుగున నా పేరు రాసి ఉంది.

"ఇదేంటి, ఇంత జాగా వదిలినారు?" అని అడిగాను.

"అవసరాలుంటాయి సార్. అర్జెంటుగా ఏదన్నా వస్తే మళ్లా మీటింగు పెట్టబళ్లేదు. ముందునుంచీ ఇంతే" అన్నాడు పుస్తకం తెచ్చిన గుమాస్తా. అతనిది సాధు స్వభావం, ఎవరు చెబితే వాళ్ల మాట వింటాడు.

నేను సంతకం పెట్టాను. అవును, పెట్టాను. రెడ్డెమ్మ నాకు గుర్తుకు రాలేదు. కుర్చీ కొత్త, శాలువాలు కొత్త, కళ్లు నెత్తిన ఉన్నాయి. రెండో నెలా పెట్టాను.

మూడో నెల పొద్దున్నే పాత బస్టాండు దగ్గర కూరగాయలమ్మే ఆడవాళ్లు గుంపుగా మా ఇంటికొచ్చారు. ఎండలో, వానలో వాళ్లు ఏళ్లుగా కూర్చునే జాగాను ఎవరికో దుకాణాలు కట్టుకోవడానికి ఇచ్చేశారట. తట్టలు తీసేయమని మనుషులొచ్చారట.

"మేమెవరమూ అలాంటి తీర్మానం చేయలేదమ్మా" అన్నాను.

"మీ సంతకముండాదంట గదా సామీ!" అని ఒకామె తట్ట నా ముందు విసిరి కొట్టింది. టమోటాలు వాకిలంతా దొర్లాయి.

ఆఫీసుకు పోయి పుస్తకం తెరిచాను. చివరి తీర్మానం కింద, నా సంతకానికి పైన, ఆ జాగా సంగతి రాసి ఉంది. రాసిన చెయ్యి ఎవరిదో నాకు తెలియదు గానీ, ఆ రాత నాకు బాగా తెలిసిందే. కిందికొచ్చే కొద్దీ అక్షరాలు పెద్దవయ్యాయి, వరసల మధ్య ఎడం పెరిగింది. సాగదీసి సాగదీసి నా సంతకం దాకా తెచ్చారు. కోర్టు వరండాలో రెడ్డెమ్మ బొటనవేలు అద్దుకుంటూ ఉండటం, అందరం నవ్వడం, అంతా కళ్ల ముందుకొచ్చింది.

మరుసటి సమావేశంలో లేచి, సంతకం నాదే, తీర్మానం నాది కాదు, చదవకుండా ఖాళీ కాగితం మీద సంతకం పెట్టింది నా బుద్ధి తక్కువతనం అని చెప్పాను. దాన్ని మళ్లీ ఓటుకు పెట్టాను. అందరి ముందూ చెయ్యెత్తి ఆ ఆడవాళ్ల పొట్ట కొట్టడానికి ఒక్కరికీ ధైర్యం రాలేదు. తీర్మానం రద్దయింది. అప్పటి నుంచి ప్రతి సమావేశం అయ్యాక పుస్తకం అక్కడే తెప్పించుకుని, చివరి మాట కింద ఖాళీకి ఈ మూల నుంచి ఆ మూలకు అడ్డగీత కొట్టి, ఆ గీతను ఆనుకుని సంతకం పెట్టేవాణ్ణి.

సభ్యులు ముఖాలు మాడ్చుకున్నారు. "మేయర్ గారికి మామీద నమ్మకం లేదా?" అని ఒకాయన ఎగిరాడు.

"లేదు" అన్నాను.

గీతల మేయర్ అని పేరు పెట్టారు. వెక్కిరించడానికి పెట్టిన పేరే. నాకు అంతకు మించిన బిరుదు ఇప్పటికీ ఎవరూ ఇవ్వలేదు.

గెస్ట్‌హౌసులో కాగితం, కోర్టులో సమన్లు

పార్లమెంటు గురించి పెద్దగా రాయను. అక్కడ నేను చేసిన ఘనకార్యాలేవీ లేవు. రాసిచ్చిన ఉపన్యాసాలు చదివాను. చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తాను. పూర్తిగా చదవకుండా చెయ్యెత్తిన బిల్లులు కూడా ఉన్నాయి. ఇక్కడ గీతలు కొట్టి మీసం తిప్పినవాణ్ణి ఢిల్లీ పోయి మళ్లీ తెల్ల కాగితాన్నయ్యాను. ఈ సంగతి నన్ను పొగిడేవాళ్లెవరూ చెప్పరు గనుక నేనే చెబుతున్నాను.

గడువు ముగిసే ముందు ఒకే వారంలో రెండు జరిగాయి.

మొదటిది సమన్లు. రెడ్డెమ్మ కేసు పై కోర్టుల్లో తిరిగి తిరిగి మళ్లీ కిందికొచ్చింది. ఆ రాజీ కాగితం స్వయంగా రాసిన మనిషిని విచారించి తేల్చమన్నారు. నరసప్ప గారు లేరు. రాసిన మనిషిని నేను. ఆమె ఇంకా ఆ బావి కోసం కొట్లాడుతోందని అప్పుడే నాకు తెలిసింది. ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా కనుక్కోలేదు.

రెండోది పార్టీ పిలుపు. మదనపల్లిలో గెస్ట్‌హౌసుకు రమ్మన్నారు. టికెట్లు ఆశించేవాళ్లందరం అక్కడ చేరాం. పార్టీ ఇన్‌ఛార్జి ఒక్కొక్కరినీ లోపలికి పిలుస్తున్నాడు. వయసులో నాకన్నా చాలా చిన్నవాడు. నన్ను చూడగానే లేచి కుర్చీ వేశాడు. పార్టీ లెటర్‌హెడ్ ఒకటి నా ముందు పెట్టి పెన్ను మూత తీసి ఇచ్చాడు.

"ఈడ కింద ఒగ సంతకం అన్నా."

కాగితంలో ఏమీ లేదు. "ఏమి రాస్తారప్పా ఇందులో?" అన్నాను.

"గెలిచినాక పదవికి రాజీనామా. తారీఖు గూడా ఉండదు. ఎవురన్నా రేపు పార్టీ మారితే పనికొస్తాది, అంతే. అందరూ పెట్టినారన్నా. నీమీద నమ్మకం లేక గాదు, ఇది పద్ధతి."

పద్ధతి. ఆ మాట నేను పుంగనూరులో విన్నాను, మేయరాఫీసులో విన్నాను.

"ఇంగోటన్నా" అని అతను గొంతు తగ్గించాడు. "ఏదో పాత కేసులో నీకు సమన్లు వచ్చిండాయంట. బోనెక్కి నేనే దొంగ రాజీ రాసినానని చెప్తే అవతలోళ్లు ఊరూరా మైకు పెడతారు. నీకు వయసైపోయింది, గుర్తు లేదని చెప్పేసెయ్. తప్పేముండాది? నిజంగానే ఎవురికి గుర్తుంటాది ఇన్నేండ్లకి?"

ఎంత సులువైన మాట. గుర్తులేదంటే అబద్ధమని ఎవరూ నిరూపించలేరు. టికెట్ వస్తుంది. రెడ్డెమ్మకు మాత్రం ఆ బావి ఇక ఎప్పటికీ రాదు, ఎందుకంటే ఆమె ఖాళీ కాగితాల మీద వేలు పెట్టిన రోజు ఆ గదిలో ఉన్నవాళ్లలో ఆమెను తప్పిస్తే బతికున్నది నేనొక్కణ్ణే. టికెట్ మీద నాకు ఆశ లేదని చెప్పను. చాలా ఉంది. అతనిచ్చిన పెన్ను అందుకున్నాను.

తర్వాత ఆ లెటర్‌హెడ్‌కు పై మూల నుంచి కింది మూలకు అడ్డగీత కొట్టాను. గీతను ఆనుకుని సంతకం పెట్టి అతని చేతికిచ్చాను.

"ఏందన్నా ఇది? కాగితం చెడగొట్టేస్తివే!"

"చెడగొట్టలేదప్పా. ఇప్పుడే బాగైంది. నాకు గుర్తుండాది, అన్నీ గుర్తుండాయి. పైవాళ్లకు చెప్పు."

టికెట్ రాలేదు. ఎవరికొచ్చిందో వాళ్లను అభినందించి శాలువా కప్పడానికి కూడా పోలేదు. నన్ను ఇప్పటికీ పొగరుబోతంటారు. అననీ.

బోనులో

ఎన్నో ఏళ్లు బోను ఇవతల నిలబడి ఇతరులకు చెమటలు పట్టించినవాణ్ణి. లోపలికెక్కితే ఆ కటకటాల చెక్క ఎంత ఎత్తుందో అప్పుడు తెలిసింది. కోర్టు హాలు కిక్కిరిసిపోయింది. ముందు బెంచీలో రెడ్డెమ్మ కూర్చుని ఉంది. జుట్టంతా నెరిసింది. పక్కన కూతురు. రెడ్డెమ్మ నా వైపు చూడలేదు, నేల చూస్తోంది. నా నోటి మీద ఆమెకు ఆశ ఎందుకుంటుంది?

ఆ కాగితం నా చేతికిచ్చారు. పసుపుబారింది. ఆ రాత నాదే అన్నాను. వేలిముద్ర ముందు వేశారు, రాత తర్వాత రాశాను అన్నాను. దానికి సాక్ష్యం ఏమిటని అడిగారు.

"ఈ కాగితమే సాక్ష్యం. పైన వరసల మధ్య ఎడం చూడండి. కింద చూడండి. వేలిముద్ర తర్వాత వేసి ఉంటే నేను అంత సాగదీయాల్సిన పని లేదు, రాత ఎక్కడ అయిపోతే అక్కడే వేయించేవాణ్ణి" అన్నాను. జడ్జి కళ్లద్దాలు పైకి జరిపి ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

అవతలి వకీలు లేచాడు. చురుకైన కుర్రాడు. వాడి స్థానంలో నేనుంటే నేనూ అదే అడిగేవాణ్ణి.

"మీరు అప్పుడు అబద్ధం చెప్పారా, ఇప్పుడు చెబుతున్నారా?"

"అప్పుడు నేనేమీ చెప్పలేదు. చెప్పకపోవడమే అబద్ధం."

"మీ సీనియర్ చనిపోయారు కాబట్టి ఆయన మీదకు తోస్తున్నారు."

"ఆయన చెప్పాడు. రాసింది నేను. చెయ్యి నాది."

"ఇది ఒప్పుకుంటే మీ వకీలు సన్నదు పోవచ్చని తెలుసా?"

"తెలుసు. ఇంటి దగ్గర గోడకుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి తీసుకుపోవచ్చు."

హాల్లో ఎవరో నవ్వారు. రెడ్డెమ్మ అప్పుడు తలెత్తింది.

రాజీ కొట్టేశారు. ఆ తర్వాత వీలునామా మీద విచారణ నడిచి ఆమెకు భూమీ, నీళ్ల వంతూ రెండూ దక్కాయి. నాకు పైనుంచి నోటీసు వచ్చింది. ఉన్నదున్నట్టు రాసిచ్చాను. కొంతకాలం ప్రాక్టీసు చేయకూడదన్నారు. సరే అని కోటు మడిచి పెట్టెలో పెట్టాను, మళ్లీ తీయలేదు. మీ పెద్దవాళ్లు సంచికలో వద్దన్నది ఈ ముక్కే. దాచుకోవాల్సింది నేను బోనెక్కిన రోజు కాదు నాయనా. కట్టలు పట్టుకుని నరసప్ప గారి వెనక నిలబడ్డానే, ఆ రోజు.

తీర్పు వచ్చాక ఆమె కూతురు ఫోన్ చేసి సదుం రమ్మంది. పోయాను. బావి గట్టు మీద ముగ్గురం నిలబడ్డాం. లోపల తుమ్మ చెట్లు మొలిచాయి. అడుగున ప్లాస్టిక్ కవర్లు, పాత చెప్పులు, ఎండిపోయిన బురద. చుట్టూ అందరూ బోర్లు వేశాక ఆ బావిలో నీళ్లు కనపడక చాలా ఏళ్లయిందట. అన్న కూడా పోయాడు.

"నీళ్లు లేకుండా పాయె గదమ్మా" అన్నాను.

"నీళ్లు ఉంటాయి, పోతాయి. బాయిలో వంతు మా నాయన నాకిచ్చినాడు. నువ్వు రాసిన ఆ కాగితం నాది గాదంటాండేది. అది పోయింది గదా, సాలు." ఆమె వంగి ఒక రాయి తీసి లోపలికి విసిరింది. అది ఎండు బురదలో దిగబడింది. "రాయి వేసేదానికైనా ఈడ నాకు వంతుండాది ఇప్పుడు" అంది.

మొన్న రాగులు కోతకొచ్చే కాలంలో మళ్లీ ఆమె దగ్గరి నుంచే ఫోను. రామకుప్పంలో ఏనుగులు దిగి చేను తొక్కేశాయి. పరిహారం కోసం అర్జీ పెట్టాలి.

"రాసేదానికి ఈడ శానామంది ఉండారు గానీ, నువ్వే రా" అంది.

కుప్పం బస్సెక్కాను. చేను చూశాను. ఇంటి ముందు మంచం మీద కూర్చుని అర్జీ రాశాను. రెండుసార్లు చదివి వినిపించాను. రెండు చోట్ల ఆమె దిద్దించింది. ఏనుగులు మూడు కాదు, రెండేనంది. లేనిది రాయొద్దంది. ముప్పావు పేజీకి అయిపోయింది, కింద ఖాళీ మిగిలింది.

స్టాంపు ప్యాడు ఆమే తెచ్చుకుంది. వేలు అద్దుకుని నా రాత కింద ఒక్క ముద్ర వేసింది. నేను చూస్తూనే ఉన్నాను, ఇక ఆ ఖాళీ అంతా నింపుతుందని. ఆమె వేలు తలకు తుడుచుకుంది.

"ఏమి సూస్తాండావు? రాసింది నువ్వే గదా. ఎత్తుకో."

నాకు ఏడుపొచ్చింది. డెబ్బై దాటినవాణ్ణి, ఆమె కూతురి ముందే కళ్లు తుడుచుకున్నాను, సిగ్గు పడలేదు. తర్వాత పెన్ను తీసి, ఆమె వదిలిన ఖాళీకి ఈ మూల నుంచి ఆ మూలకు అడ్డగీత కొట్టాను.

రెడ్డెమ్మ నవ్వింది. "నాకే నీమీద నమ్మకమొచ్చింది గదప్పా. నీకింకా రాలేదా?"

"నాకు రాకుంటేనే మంచిదమ్మా" అని కాగితం ఆమె కూతురి చేతికిచ్చాను.